ఇంకా చదువుతూనే ఉన్నారు

తెలుగువాళ్లు పుస్తకాలు చదవడం మానేశారని సభల్లో కళ్లు తుడుచుకునే పెద్దలకు ముందుగా ఒక శుభవార్త. మనవాళ్లు చదువుతున్నారు. విపరీతంగా చదువుతున్నారు. ఎంతగా అంటే, చదవడం పూర్తిచేసే తీరిక కూడా లేనంతగా చదువుతున్నారు. నమ్మకం లేకపోతే ఏ ఆదివారం పొద్దున్నయినా ఫోన్ తెరిచి చూడండి. టేకు రంగు బల్ల. బల్ల మీద కాస్త వాలుగా ఒక పుస్తకం. పుస్తకం మీద కళ్లజోడు. పక్కన నురగ తేలిన ఫిల్టర్ కాఫీ. వెనక మనీప్లాంటు. ఫోటో కింద 'ప్రస్తుతం చదువుతున్నది' అని ఒక ప్రకటన.

కళ్లజోడు పుస్తకం మీదుంటే ఆయన దేనితో చదువుతున్నట్టు అని అడక్కండి. సాహిత్యాన్ని హృదయంతో చదవాలి.

మా కాలనీలో ఈ విద్యలో ఆరితేరిన పెద్దమనిషి ఒకాయన ఉన్నారు. ఎనిమిది వందల పేజీల నవల ఒకటి మొదలుపెట్టారు. మొదలుపెట్టిన సంగతి ఊరందరికీ తెలిసింది. ఆ తర్వాత సంక్రాంతికి అదే పుస్తకం ముగ్గు పక్కన కనబడింది. ఉగాదికి పచ్చడి గిన్నె పక్కన. వేసవిలో అరకు వెళ్తే రైలు కిటికీ అంచున. ఆ నవల తిరిగినన్ని ఊళ్లు అందులోని పాత్రలు కూడా తిరిగి ఉండవు. మొదటి ఫోటోలో చిన్న సీసాలో ఉన్న మనీప్లాంటు ఇప్పుడు కిటికీ దాటి పక్కింటి బాల్కనీలోకి పాకింది. పేజీ గుర్తుకోసం పెట్టిన బస్సు టికెట్ మాత్రం ఉన్నచోటు నుంచి కదల్లేదు. పుస్తకం ఎలా ఉందండీ అని ఒకసారి లిఫ్టులో అడిగాను. "ఇంకా చదువుతున్నానండీ" అన్నారు, ఎంతో తృప్తిగా.

ఇందులో ఉన్న సుఖం చూశారా? చదివేశానంటే ఎవడో ఒకడు కథేంటని అడుగుతాడు. బాగుందా అని అడుగుతాడు. బాగుందంటే ఏం బాగుందో చెప్పాలి. బాగాలేదంటే రచయితతో స్నేహం పోతుంది, ఆయన శిష్యబృందంతో తగువు పడాలి, వచ్చే సభకి పిలుపు రాదు. చదువుతూ ఉన్నంతకాలం ఏ పూచీ లేదు. పాఠకుడన్న పేరు ఉంటుంది, పాఠకుడి కష్టం ఉండదు.

ఆ ఫోటోకి వచ్చే స్పందనలకి కూడా ఒక క్రమం ఉంది. "మంచి ఎంపిక సార్" అన్నవాడు పుస్తకం పేరు చూసి ఉండడు. "నా లిస్టులో ఉంది" అన్నవాడి లిస్టుని ఇంతవరకు ఎవరూ చూడలేదు. "మీలాంటివారి చేతుల్లో ఆ పుస్తకం ధన్యమైంది" అన్నవాడికి త్వరలో సొంత పుస్తకం రాబోతోందని అర్థం. వీళ్ల వెనకాల, ఆలస్యంగా, ఏ మొహమాటమూ లేకుండా ఒకడు వస్తాడు. "పీడీఎఫ్ ఉందా అండీ?"

ఈయన్ని తేలిగ్గా తీసుకోకండి. తెలుగు సాహిత్యంలో ఇంత పట్టుదల ఉన్న మనిషి ఇంకొకడు లేడు. నూటయాభై రూపాయల పుస్తకం కొనమంటే అమెరికాలో ఉన్న బావగారిచేత కూడా పీడీఎఫ్ కోసం వెతికిస్తాడు. ఒక రచయిత తన నవల అచ్చు వేయించడానికి పీఎఫ్ లోన్ తీసుకున్నానని చెప్పుకుంటే, దాని కింద ఈయన కన్నీటి బొమ్మ ఒకటి పెట్టి, ఆ బొమ్మ తడి ఆరకముందే ఆ రచయితనే పీడీఎఫ్ అడిగాడు. పోనీ దొరికాక చదువుతాడా అంటే, దాచుకుంటాడు. నా ఫోన్‌లో రెండు వేల పుస్తకాలున్నాయని పెళ్లిళ్లలో చెప్పుకుంటాడు. స్టోరేజ్ నిండిపోయిందని ఫోన్ మొత్తుకున్న రోజున మొట్టమొదట పోయేవి ఆ రెండు వేలే. గుడ్ మార్నింగ్ బొమ్మలు ఉంటాయి.

ఇక డిసెంబరులో హైదరాబాద్‌లో, కొత్త సంవత్సరం రాగానే బెజవాడలో పుస్తకాల పండగలు. ఈ వర్గానికి అది కోతల కాలం, రెండర్థాల్లోనూ. బెజవాడలో స్వరాజ్ మైదానం పోయి ఇంకో మైదానం వచ్చింది గానీ పద్ధతి మారలేదు. సంచులు మోసుకుని ఇంటికి రాగానే పుస్తకాలన్నీ మంచం మీద పరుస్తారు. అట్టల రంగులు కలిసేలా అటూ ఇటూ జరుపుతారు. ఇంట్లోవాళ్లు పడుకోవడానికి వీల్లేక హాల్లో కూర్చుంటారు. స్టూలెక్కి పైనుంచి ఒక ఫోటో. 'ఈ ఏడాది నా వేట' అని పేరు. వేటాడిన వాటిలో మూడు నాలుగు పోయినేడాది కూడా వేటాడినవే. అద్దాల బీరువాలో వెనక వరుసలో ఉన్న సంగతి గుర్తులేక మళ్లీ కొన్నారు. నేను తప్పు పట్టను. కొన్న పుస్తకం చదివే అలవాటు ఉంటే ఆ రెండో కాపీ అమ్ముడుపోయేది కాదు. మన ప్రచురణకర్తలు ఈ మతిమరుపు మీద ఎంతోకొంత బతుకుతున్నారు, బతకనివ్వండి.

నా బాధ ఫోటోలతో కాదు. అభిప్రాయాలతో.

తెలుగులో ఒక పుస్తకం బాగాలేకపోవడం అనేది జరిగి చాలా కాలమైంది. సినిమా మొదటి ఆట ఇంటర్వెల్‌లోనే ఫట్ అని తేల్చేసే జాతి, హోటల్లో సాంబారు పలచనైతే సర్వర్ని నిలబెట్టి కడిగేసే జాతి, పుస్తకం దగ్గరికి వచ్చేసరికి పెళ్లిచూపుల్లో పిల్లాడి మేనమామ అయిపోతుంది. అన్నీ బాగున్నాయి, అందరూ బంగారం. "ఆపకుండా చదివించింది." ఆపకుండా చదివిస్తే మరి మొన్నటి నుంచి ఫోటోలు ఎప్పుడు తీశారు? "గుండె బరువెక్కింది." ఒకే మనిషికి ఒకే వారంలో మూడు పుస్తకాలకి గుండె బరువెక్కింది. అది సమీక్షకి సంబంధించిన విషయం కాదు, ఈసీజీ తీయించుకోవాలి. "ప్రతి ఇంట్లోనూ ఉండాల్సిన పుస్తకం." ఈ లెక్కన ఉండాల్సినవన్నీ ఇళ్లలో పెడితే మనుషులు వరండాల్లో పడుకోవాలి. అన్నిటికంటే నేను గౌరవించేది ఇంకొకటుంది: "ఇంకా ఆ లోకంలోంచి బయటికి రాలేకపోతున్నాను. వివరంగా తర్వాత రాస్తాను." ఆయన ఆ లోకంలోనే ఉండిపోతాడు. వివరం ఎప్పుడూ బయటికి రాదు.

ఈ అభిప్రాయాలు ఎక్కడ పుడతాయో కాస్త కూపీ లాగాను. అట్ట వెనక ఉన్న ఎనిమిది లైన్లలో పుడతాయి. మరీ శ్రద్ధ ఉన్నవాళ్లయితే ముందుమాట కూడా చూస్తారు. మన పుస్తకాలకి ముందుమాటలు రెండు మూడు ఉంటాయి కాబట్టి మూడు రకాల అభిప్రాయాలకి సరిపడా సరుకు అక్కడే దొరుకుతుంది. మరి ముందుమాట రాసినాయన చదివాడా? పాపం ఆయనకి ఈ నెలలో అది ఆరో ముందుమాట. రచయితే ఫోన్ చేసి, సార్ ఇందులో ప్రధానంగా నేను చెప్పదలచుకున్నది ఇదీ అని పావుగంటలో చెప్పేశాడు. ఆయన దాన్నే నాలుగు పేజీలు చేసి, 'ఈ కథకుడి నుంచి మరిన్ని మంచి కథలు రావాలని ఆకాంక్షిస్తూ' అని ముగించాడు. తీరా చూస్తే అది నవల. అంటే ఏమైంది? రచయిత తన పుస్తకం గురించి తాను అనుకున్నది ముందుమాటలోకి, అక్కడినుంచి అట్ట వెనక్కి, అక్కడినుంచి అరవై మంది పాఠకుల అభిప్రాయాల్లోకి ప్రయాణం చేసి మళ్లీ రచయిత దగ్గరికే వచ్చింది. ఆయన అది చూసుకుని, నా మనసులో మాట ఇంతమంది ఎలా పట్టుకున్నారా అని ఆశ్చర్యపోయాడు.

ఇది నేను ఊహించి రాస్తున్నానని అనుకునేవాళ్ల కోసం ఒక సభ గురించి చెప్తాను. హైదరాబాద్‌లో ఒక కథల పుస్తకం ఆవిష్కరణ. పద్నాలుగు కథలు. హాలు పేరు అనవసరం, ఏ హాల్లోనైనా జరిగేది ఇదే. కార్డులో సాయంత్రం ఆరు గంటలకని ఉంది. ఏడుంబావుకి జ్యోతి వెలిగించడానికి అగ్గిపెట్టె వెతకడం మొదలైంది. వేదిక మీద పదకొండు మంది. కింద అంతకంటే కొంచెం ఎక్కువ మంది, అందులో సగం రచయిత అత్తగారి తరఫువాళ్లు. ముఖ్య అతిథి, విశిష్ట అతిథి, గౌరవ అతిథి, ఆత్మీయ అతిథి అని నలుగురున్నారు. వీళ్ల మధ్య తేడా ఏమిటో శాలువాల నాణ్యత చూస్తే తెలిసిపోతుంది.

మెరుపు కాగితం చింపారు. పదకొండు మందీ పుస్తకాన్ని ఛాతీకి అడ్డంగా పట్టుకుని నవ్వారు. ఆత్మీయ అతిథి తలకిందులుగా పట్టుకున్నారు. ఎవరూ చెప్పలేదు, ఆయనా గమనించలేదు, ఫోటోలో అలాగే ఉంది.

అధ్యక్షులవారు మొదలుపెట్టారు. "నిన్న రాత్రి పదింటికి ఈ పుస్తకం చేతిలోకి తీసుకున్నాను. తెల్లారేదాకా కింద పెట్టలేకపోయాను." ఆ పుస్తకాలు బైండింగ్ షాపు నుంచి ఆటోలో దిగింది ఆ రోజు మధ్యాహ్నం నాలుగింటికి. జిగురు ఇంకా పూర్తిగా ఆరలేదు. కింద పెట్టలేకపోయారంటే ఒకవేళ అందుకేనేమో.

తర్వాత ముఖ్య అతిథి తన చిన్ననాటి ఊరి గురించి, ఆ ఊరి చెరువు గురించి, ఆ చెరువులో తాను మునిగిపోబోయి బతికిన వైనం గురించి చెప్పి, ఇలాంటి జ్ఞాపకాలే ఈ కథల్లో ఉన్నాయని కూర్చున్నారు. విశిష్ట అతిథి కాస్త ధైర్యం చేశారు. "ముఖ్యంగా తొమ్మిదో కథలో తల్లి పాత్ర నన్ను కదిలించింది" అన్నారు. ఒక్క మాట. అంతే. దానితో సభకి దారి దొరికింది.

గౌరవ అతిథి లేచి, తొమ్మిదో కథలోని ఆ తల్లి పిల్లల్ని చదివించడానికి పడిన కష్టం తన తల్లిని గుర్తుచేసిందన్నారు. తర్వాతి వక్త, ఆ తల్లి పొలం అమ్మే సన్నివేశంలో వ్యవసాయ సంక్షోభం మొత్తం ఉందన్నారు. ఆ తర్వాతాయన, పొలం అమ్మిన ఆ తల్లి పట్నం వచ్చి నాలుగిళ్లలో పనిచేయడంలో వలస జీవితం కనిపించిందన్నారు. కవిగారు లేచి, ఆ తల్లి మీద అప్పటికప్పుడు రాసుకున్న ఎనిమిది పాదాలు చదివారు. ఎనిమిదో వక్త వచ్చేసరికి ఆమెకి క్షయ వచ్చింది. తొమ్మిదో వక్త ప్రసంగంలో ఆమె చనిపోయింది. కింద ముందు వరుసలో రచయిత అత్తగారు కొంగు కళ్లకద్దుకున్నారు. రచయిత మాత్రం కుర్చీలో కాస్త ఇబ్బందిగా కదులుతున్నాడు.

చివరి వరుసలో ఆ పుస్తకాన్ని కంప్యూటర్‌లో కొట్టి డీటీపీ చేసినమ్మాయి కూర్చుంది. సాహిత్యం మీద ప్రేమతో రాలేదు. పేజీకి ఇంత అని మాట్లాడుకున్న డబ్బులో సగం బ్యాలెన్స్ ఉంది, సభ రోజు ఇస్తానన్నాడు, వచ్చింది. అధ్యక్షులవారు, ఎవరూ రారన్న ధీమాతో, "సభికుల్లో ఎవరైనా రెండు మాటలు మాట్లాడవచ్చు" అన్నారు. రచయిత బావమరిది ఉత్సాహవంతుడు. పుస్తకం కోసం రాత్రింబవళ్లు కష్టపడిన అమ్మాయి మనమధ్య ఉంది అంటూ మైకు తీసుకెళ్లి ఆమె చేతిలో పెట్టాడు.

"నమస్కారం సార్. నాకు మాట్లాడ్డం రాదు. తొమ్మిదో కథలో తల్లి లేదు సార్. అది ఆఫీసులో ప్రమోషన్ గురించి. తల్లి ఉన్నది నాలుగో కథలో. ఆమె చనిపోదు, కూతురి దగ్గరికి వెళ్లిపోతుంది. ఇంకోటి సార్, నాలుగో కథ, పన్నెండో కథ రెండూ ఒకటే. పేర్లు మారాయంతే. రెండో ప్రూఫులో పెన్సిల్‌తో రాసి పంపించాను. ఎవరూ చూడలేదు."

హాల్లో ఫ్యాన్ల చప్పుడు తప్ప ఏమీ లేదు. నలభై ఏళ్ల సభాధ్యక్షత అనుభవం ఊరికే పోదు కదా. అధ్యక్షులవారు గొంతు సవరించుకున్నారు. "చూశారా! లేని తల్లిని మన అందరికీ చూపించాడు. ఉన్నదాన్ని చూపించడం ఎవరైనా చేస్తారు. లేనిదాన్ని చూపించడమే కథాశిల్పం!" చప్పట్లు. మొత్తం సభలో అంత గట్టిగా చప్పట్లు కొట్టింది అప్పుడే.

టీ దగ్గర రచయిత ఆ అమ్మాయి పక్కకి వెళ్లి నిలబడ్డాడు. చుట్టూ చూసి, చిన్నగా అడిగాడు. "ఏ కథ బాగుందమ్మా?"

"ఏడోది సార్. అది కొడుతూ మధ్యలో రెండుసార్లు ఆపేశాను. మా నాన్న గుర్తొచ్చాడు."

పదకొండు మంది వక్తల్లో ఒక్కరూ ఏడో కథ పేరెత్తలేదు. ఆ రచయిత ముఖం నేను చూశాను. ఇన్నేళ్లుగా రాస్తున్న మనిషికి, మొట్టమొదటిసారి ఒకరు తనని చదివారని తెలిసిన ముఖం అది. బ్యాలెన్స్ మాత్రం వచ్చే వారం అన్నాడు.

మర్నాడు ఆ పుస్తకం ఫోటోలు వచ్చాయి. అభిప్రాయాలు వచ్చాయి. గుండెలు బరువెక్కాయి. ఒక పెద్ద సమీక్షలో తొమ్మిదో కథలోని తల్లి మరణం గురించి ఒక పేరా ఉంది.

ఇందులో నవ్వుకోవడానికి చాలా ఉంది, నేనూ నవ్వాను. కానీ ఆ మనిషి పరిస్థితి ఆలోచించండి. ఉద్యోగం నుంచి వచ్చి రాత్రిళ్లు రాసుకున్నాడు. ఐదొందల కాపీలకి సొంత డబ్బు పెట్టాడు. అందులో రెండు వందలు 'ప్రేమతో' అని సంతకం పెట్టి పంచాడు. ఆ సంతకాల్లో కొన్ని ఏడాది తిరక్కుండా ఆదివారం పాత పుస్తకాలమ్మే అబిడ్స్ ఫుట్‌పాత్ మీద ఎండలో పడి ఉంటాయి, పేజీలు నలక్కుండా. నాలుగో కథ, పన్నెండో కథ ఒకటేనని ఒక్క స్నేహితుడు చెప్పి ఉంటే పన్నెండోది తీసేసేవాడు. ఏడో కథ లాంటివి ఇంకో నాలుగు రాయి అని ఎవడైనా చెప్పి ఉంటే రాసేవాడు. ఎవరూ చెప్పలేదు. అద్భుతం అన్నారు. అద్భుతం అని చెప్పి అతన్ని అక్కడే పాతిపెట్టారు. వచ్చే పుస్తకంలో ఒకే కథ మూడుసార్లు ఉంటుంది, అప్పుడూ అద్భుతమే అంటారు. చదవకుండా మెచ్చుకోవడం మర్యాద కాదు. అది నిర్లక్ష్యం. చదవకుండా తిట్టినవాడికి కనీసం ఎదురు తిట్టొచ్చు, చదవకుండా మెచ్చుకున్నవాణ్ణి ఏం చేయాలి?

ఒకప్పుడు పుస్తకాల మీద నిఖార్సయిన అభిప్రాయం దొరికే చోటు ఒకటుండేది. శాఖా గ్రంథాలయం పుస్తకంలో పేజీ అంచు. అక్కడ సమీక్షకులకి పేర్లు లేవు, శాలువాలు లేవు, ఎవరితోనూ స్నేహం చెడేది లేదు. "మొదటి యాభై పేజీలు వదిలేసి చదవండి" అని ఒకరు పెన్సిల్‌తో రాస్తే, దాని కింద ఇంకొకరు బ్లూ ఇంకుతో "వదిలేస్తే నీకు మిగిలేది అట్టే" అని రాసేవారు. డిటెక్టివ్ నవల పన్నెండో పేజీలోనే హంతకుడెవరో రాసిపెట్టే దుర్మార్గుడు ప్రతి ఊళ్లోనూ ఒకడుండేవాడు. కానీ గమనించండి, వాడు చివరిదాకా చదివాడు! నాయిక తాళి తెంచుకునే చోట "శభాష్" అని ఒక గుండ్రటి చేతిరాత, పక్కనే "సంసారాలు కూల్చే రాతలు" అని ఒక వంకర చేతిరాత. ప్రభుత్వ పుస్తకం పాడుచేయడం నేరమే, లైబ్రేరియన్ చూస్తే జరిమానా వేసేవాడు. అయినా చెప్పకుండా ఉండలేక రాసేవారు.

అద్దె పుస్తకాల షాపులవాళ్లు కూడా అంతే. రోజుకి పావలా, అర్ధరూపాయి తీసుకుని నవలలిచ్చే ఆ షాపాయనకి సాహిత్య సిద్ధాంతాలేవీ తెలియవు. "ఇది నీకు నచ్చదులేమ్మా, ఇది పట్టుకెళ్లు" అనేవాడు. అబద్ధం చెప్పే వీలు ఆయనకి లేదు. నచ్చకపోతే మర్నాడు పొద్దున్నే ఆ పుస్తకం, దానితో పాటు ఆ ఇల్లాలి నోరు రెండూ షాపుకి వచ్చేవి. వారపత్రికల్లో సీరియల్ పక్కదారి పడితే పాఠకులు కార్డుముక్క మీద దులిపేసేవారు. ఆ కార్డుకి భయపడి కథ మలుపు తిప్పుకున్న రచయితలున్నారు. ఇప్పటి రచయిత దేనికి భయపడతాడు? రెండు చేతులు జోడించిన బొమ్మకా?

సరే, ఆ గ్రంథాలయాలు ఏమయ్యాయని అడగండి. అడగరు. పుస్తక ప్రియులం అని చెప్పుకునే మనలో ఎంతమందికి మన వీధి దగ్గర్లో ఉన్న శాఖా గ్రంథాలయం ఎక్కడుందో తెలుసు?

1901లో హైదరాబాద్‌లో, పరిపాలనలో తెలుగుకి నిలువ నీడ లేని రోజుల్లో, శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషా నిలయం అనే గ్రంథాలయం పెట్టారు. 1914లో గ్రంథాలయోద్యమం నడిపిన అయ్యంకి వెంకటరమణయ్య లాంటివాళ్లు బెజవాడలో ఊరూరి గ్రంథాలయాల ప్రతినిధులని పిలిచి మహాసభ జరిపారు. 1935లో పాతూరి నాగభూషణం కొల్లిపర, పెదవడ్లపూడి మధ్య కాలువలో పడవ మీద పుస్తకాలు పంపించాడు. పడవ వచ్చే వేళకి జనం గట్టు మీద నిలబడేవారట. అంటే పుస్తకాన్ని జనం దగ్గరికి నీళ్ల మీద కూడా మోసుకెళ్లిన జాతి మనది. ఇప్పుడు మనం మోసుకెళ్తున్నది మంచం మీద నుంచి బల్ల మీదకి, వెలుతురు బాగుంటుందని.

1960లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో గ్రంథాలయాల చట్టం వచ్చింది. మనం కట్టే ఇంటి పన్నులో రూపాయికి 8 పైసలు గ్రంథాలయ పన్ను. అది స్థానిక సంస్థలు వసూలు చేసి జిల్లా గ్రంథాలయ సంస్థలకి జమచేయాలి. వసూలు చేయడంలో ఏ లోటూ లేదు. ఆలస్యమైతే వడ్డీతో సహా మన దగ్గర వసూలు చేస్తారు. జమచేయడం దగ్గరే చేతులు రావు. రెండు రాష్ట్రాల్లోనూ పార్టీలు మారాయి, ఈ బకాయిల కథ మారలేదు. పుస్తకాల కోసమని మన జేబులోంచి తీసిన డబ్బు పుస్తకాలకి చేరదు. లైబ్రేరియన్ రిటైరైతే ఆ కుర్చీ చాలాచోట్ల ఖాళీగానే ఉంటుంది, పక్క ఊరాయనకి ఇన్‌చార్జి ఇస్తారు, ఆయన రాని రోజు తాళం. కొత్త పుస్తకాలు ఎప్పుడు కొన్నారని అడిగితే గోడ మీద క్యాలెండర్ కేసి చూస్తారు. దీన్ని దొంగతనం అనకూడదట, 'సర్దుబాటు' అనాలట. కూలికెళ్లే ఇంట్లో పదో తరగతి పిల్ల చదవాల్సిన పుస్తకం అది. ఆ పిల్ల ఫోటో పెట్టదు. ఆ పిల్లకి బల్ల లేదు.

ఇంతా అయ్యాక కూడా గ్రంథాలయాల్లో కూర్చోవడానికి చోటు దొరకదు, ఆ సంగతి చెప్పాలి. చిక్కడపల్లి సిటీ సెంట్రల్ లైబ్రరీకి వెళ్లి చూడండి. టిఫిన్ డబ్బాలతో, సొంత పుస్తకాలతో పొద్దున్నే వచ్చి కూర్చున్న పిల్లలు. వాళ్లని అడగండి ప్రస్తుతం ఏం చదువుతున్నారని. పాలిటీ, ఎకానమీ, తెలంగాణ ఉద్యమ చరిత్ర. తెలుగునాట ఈ రోజున పుస్తకాన్ని నిజంగా, అక్షరం అక్షరం, అండర్‌లైన్ గీసుకుని చదువుతున్నవాళ్లు వీళ్లు. పైగా ఒకసారి చదివి వదిలేయరు. తెలంగాణ ప్రభుత్వ ఉద్యోగాల పరీక్ష గ్రూప్ 1 ప్రిలిమ్స్ 2022 అక్టోబరులో రాశారు. పేపర్ లీకని రద్దు చేశారు. మళ్లీ చదివారు. 2023 జూన్‌లో రాశారు. హైకోర్టు రద్దు చేసింది. మళ్లీ చదివారు. కొత్త నోటిఫికేషన్ మీద 2024 జూన్‌లో రాశారు. ఆ తర్వాత మెయిన్స్ కూడా కోర్టు మెట్లెక్కింది. ఒకే పుస్తకాన్ని ఒకే మనిషిచేత ఇన్నిసార్లు చదివించిన ఘనత మన సాహిత్య అకాడమీలకి కూడా లేదు. ఊరి నుంచి నాన్న పంపిన డబ్బుతో అశోక్‌నగర్‌లో రూము అద్దె కడుతూ, ఇరవై ఆరేళ్లు ఇరవై తొమ్మిదైపోతుంటే, అదే పేజీ మళ్లీ తిప్పుతున్న ఆ పిల్లాడి అభిప్రాయం ఎవరైనా అడిగారా? వాడికి గుండె బరువెక్కింది. నిజంగా ఎక్కింది.

నన్ను కూడా మిత్రులు అడుగుతూ ఉంటారు, ప్రస్తుతం ఏం చదువుతున్నావని. ప్రస్తుతం నేను చదువుతున్నది మా పురపాలకులు పంపిన ఇంటి పన్ను డిమాండు నోటీసు. పేజీ ఒకటే గానీ ఆపకుండా చదివించింది. ప్రతి ఇంట్లోనూ ఉండాల్సిన రచన, ఎలాగూ ప్రతి ఇంటికీ పంపిస్తారు. శైలి పొడిపొడిగా ఉంది, అచ్చుతప్పులున్నాయి, మా నాన్నగారి పేరులో ఒక అక్షరం ఎగిరిపోయింది. మధ్యలో గ్రంథాలయ పన్ను అని ఒక పాత్ర ప్రవేశిస్తుంది, ఒకే ఒక్క లైను, ఆ తర్వాత మళ్లీ కనిపించదు. ఏమైపోయిందో రచయిత ఎక్కడా చెప్పలేదు. అడుగుదామని ఆఫీసుకి వెళ్లాను. కౌంటర్లో ఆయన నోటీసు తీసుకుని అటూ ఇటూ తిప్పి, "ఇవన్నీ చదువుతారా సార్ మీరు?" అన్నాడు.